వెళ్లొస్తా

తెలుగింట్లో గడప దాటే మనిషి ‘వెళ్తున్నా’ అనకూడదు. అంటే పెద్దవాళ్లు ఊరుకోరు. ‘వెళ్తున్నా ఏంట్రా, వెళ్లొస్తా అను’ అని అక్కడికక్కడే దిద్దుతారు. ‘ఎక్కడికి?’ అని అడగడమూ తప్పే. తెలుసుకోకుండా ఉండలేకపోతే ‘దూరమా?’ అంటారు. ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మారో, బయల్దేరిన మనిషిని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్లు తాగించి గానీ పంపరు. మా నాయనమ్మ దగ్గర ఈ నిబంధనల చిట్టా ఇంకా పొడుగు; గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవకూడదన్నదీ అందులో ఒకటి. బస్సు పోతుందని మేం గోల పెడితే ‘పోతే ఇంకోటొస్తుంది, కూర్చో’ అనేది. శకునాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఆ మంచినీళ్ల గ్లాసు మీద మాత్రం ఏడాదికేడాది గౌరవం పెరుగుతోంది.

ఏప్రిల్ 17 వచ్చిందంటే ఆ గ్లాసు గుర్తొస్తుంది.

2004లో ఆ రోజు శనివారం. ఉదయం పదకొండు దాటి కొద్ది నిమిషాలు. బెంగళూరు ఉత్తరపు కొసన ఉన్న జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ నుంచి ఒంటి ఇంజన్ సెస్నా 180 విమానం ఒకటి కరీంనగర్ ప్రయాణం కట్టింది. ఉన్నవి నాలుగే సీట్లు. ఎన్నికల ప్రచారానికి వెళ్తున్న సినీ నటి సౌందర్య, ఆమె సోదరుడు అమర్‌నాథ్, తోడు వస్తున్న ఒక కార్యకర్త, పైలట్. మన దగ్గర తొలి విడత పోలింగ్ ఏప్రిల్ 20న. ప్రచారానికి మిగిలింది ఆ రోజూ మర్నాడూ. విమానం నూరడుగులకు అటూ ఇటూగా లేచింది. నూరడుగులంటే బాగా ఎదిగిన తాటిచెట్టంత. అక్కడే ఒరిగిపోయి, పక్కనున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణలో పడి కాలిపోయింది. నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు.

ఆ మధ్యాహ్నం మా వీధిలో ఒక ప్రచార ఆటో పాట మధ్యలో ఆగింది. డ్రైవరు మైకు కట్టేసి, మా కిటికీ ఊచలు పట్టుకుని టీవీ చూశాడు. ఏ పార్టీ ఆటోనో గుర్తు లేదు, అతనికీ అప్పుడు గుర్తున్నట్టు లేదు. బియ్యం ఏరుతున్న మా వదిన చాట పక్కన పెట్టేసి ‘పెళ్లయి ఏడాదైందో లేదో’ అంది. తర్వాత చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. సినిమా తారలు పోతే జనం బాధపడటం కొత్త కాదు. అయితే ఆ రోజు మా వీధిలో కనిపించింది అభిమానుల దుఃఖంలా లేదు. అత్తారింటికి వెళ్లిన పిల్ల కబురు అందినట్టుంది. కోలారు జిల్లా ములబాగిలు వైపు నుంచి వచ్చిన కన్నడ అమ్మాయి పన్నెండేళ్లలో ఇన్ని తెలుగిళ్లకు మేనకోడలు ఎలా అయిపోయిందో సినిమా పండితులు చెప్పాలి. నాకు తోచింది ఒక్కటే. ఆమె తెర మీద చీర కొంగు సర్దుకుంటే మన ఇంట్లో మనిషి సర్దుకున్నట్టే ఉండేది.

ఆమె నిర్మాతగా తీసిన కన్నడ చిత్రం ‘ద్వీప’. గిరీశ్ కాసరవల్లి దర్శకత్వం వహించారు. ఆనకట్ట కడితే ఊరు మునుగుతుందని అందరూ తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోతుంటే, పుట్టిన నేలను వదలలేక నీళ్ల మధ్య ఉండిపోయిన ఒక కుటుంబం కథ. 2002 సంవత్సరానికి దేశంలోకెల్లా ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. నేలను వదలలేని మనుషుల మీద తన డబ్బు పెట్టిన మనిషి, నేలను వదిలిన కొద్ది క్షణాలకే వెళ్లిపోయింది. ఇలాంటి పోలికలు వెతకడం పత్రికల వాళ్లకున్న చెడ్డ అలవాటని నాకు తెలుసు. అయినా ఇది నేను వెతికింది కాదు, ఆ సినిమా మళ్లీ చూస్తుంటే దానంతటదే వచ్చి పక్కన కూర్చుంది.

చిన్న విమానాల సంగతి తెలియాలంటే సంక్రాంతి గాలిపటాన్ని గుర్తు చేసుకోవాలి. పైకి వెళ్లాక దాన్ని ఎవరైనా ఆడిస్తారు. దారం మేకుకు కట్టేసి కిందికెళ్లి అరిసె తినొచ్చినా అది అక్కడే ఉంటుంది. కష్టమంతా మొదటి పదడుగుల్లో. ఒకడు దూరంగా నిలబడి రెండు చేతులా ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకడు సమయం చూసి లాగాలి. గాలి దొరికే లోపు అది ఏ డాబా పిట్టగోడకో కొట్టుకుంటుంది. విమానానికీ మొదటి నిమిషమే గండం. వేగం ఇంకా అందలేదు, ఎత్తు ఇంకా రాలేదు, ఇంజన్ మాత్రం ఊపిరి బిగబట్టి పూర్తి శక్తితో లాగుతుంటుంది. ఆకాశంలో ఉన్నవాడికి రెండే ఆస్తులు: ఎత్తు, వేగం. ఒకటి తగ్గితే రెండోదాన్ని అమ్ముకుని బతకొచ్చు. తొలి నిమిషంలో రెండు జేబులూ ఖాళీ.

సెస్నా 180 మనుషుల్నీ సామాన్నీ ఇంధనాన్నీ నిండుగా ఎక్కించుకున్నా, బరువు ఇంచుమించు మన పాత అంబాసిడర్ కారంత. ఆ మాత్రం దానికి పదిహేను ఇరవై కిలోల తేడా కూడా తేడాయే. దీనికి ఎండ తోడవుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కకు పట్టు తక్కువ, ఇంజన్‌కు బలం తక్కువ. బెంగళూరు సముద్ర మట్టానికి మూడువేల అడుగుల ఎత్తున ఉంది. ఏప్రిల్ ఎండ 32 డిగ్రీలు ఉంటే, విమానానికి అక్కడి గాలి అయిదున్నర వేల అడుగులు దాటిన చోట దొరికే గాలిలా అనిపిస్తుంది. ఇది ఆ శనివారం ప్రమాదానికి కారణం చెప్పడం కాదు. మన వేసవిలో లేచే ఏ చిన్న విమానానికైనా వేసుకోవలసిన లెక్క ఇది. పైలట్లు వేసుకునే లెక్కే. లెక్క కుదరకపోతే ఒకర్ని దింపాలి, లేదా ఎండ తగ్గేదాకా ఆగాలి. దింపాల్సిన మనిషి పేరున్నవాడైతే, ఆగాల్సిన పని సభ అయితే, ఆ మాట నోట్లోంచి రావడానికి లెక్కలు వస్తే చాలదు, గుండె కూడా ఉండాలి.

లేచిన మొదటి నిమిషంలో ఇంజన్ ఆగితే ఏం చేయాలన్నది శిక్షణలో చెప్పే పాఠాల్లో అతి చిన్నది, అతి కష్టమైనది. ముక్కు దించు. ఎదురుగా ఏముంటే అక్కడే దిగు. ఎడమకో కుడికో కొద్దిగా తిప్పొచ్చు, అంతే. వెనక్కి మాత్రం తిరగొద్దు.

వినడానికి తేలిక. అక్కడ కూర్చున్నవాడి పరిస్థితి చూడండి. వీపు వెనకే రన్‌వే ఉంది. అర నిమిషం కిందట చక్రాలు దాని మీదే ఉన్నాయి. నున్నటి తారు, చుట్టూ ఖాళీ, అగ్నిమాపక శకటం, మనుషులు. ఎదురుగా చూస్తే చెట్లు, కరెంటు తీగలు, ఇళ్లు. మనిషన్నవాడి ప్రాణం ఎటు లాగుతుంది? బయల్దేరిన చోటికే. పైలట్లు ఈ మలుపును ‘ఇంపాజిబుల్ టర్న్’ అంటారు. ఇంజన్ ఆగినంత మాత్రాన సెస్నా రాయిలా పడిపోదు. వెయ్యి అడుగుల ఎత్తుంటే రెండున్నర కిలోమీటర్ల దాకా జారుకుంటూ పోగలదు. నూరడుగులే ఉంటే ఆ లెక్కన పావు కిలోమీటరు. ఆ పావు కిలోమీటరులో సగం చుట్టు తిరిగితే సరిపోదు, ఎందుకంటే తిరిగాక రన్‌వే పక్కన తేలతాం; దాని మీదికి రావాలంటే ఇంకొంచెం తిరిగి మళ్లీ సర్దుకోవాలి. తొందరలో రెక్కను గట్టిగా వంచుతాం. 45 డిగ్రీలు వంచితే, విమానాన్ని గాలిలో నిలబెట్టడానికి కావలసిన కనీస వేగం ఇరవై శాతం దాకా పెరుగుతుంది. 60 డిగ్రీలైతే నలభై శాతం. ఉన్న వేగం చూస్తే తరిగిపోతోంది. నేల దగ్గరపడుతుంటే చెయ్యి తనకు తెలియకుండానే ముక్కును పైకి లాగుతుంది. ఆ లాగడంతో రెక్క గాలిని వదిలేస్తుంది. దాన్నే స్టాల్ అంటారు. అంత కింద అది జరిగితే సర్దుకోవడానికి చోటు ఉండదు.

2009 జనవరి 15న న్యూయార్క్ లాగార్డియా నుంచి లేచిన పెద్ద విమానానికి ఇదే పరీక్ష ఎదురైంది. మూడువేల అడుగులు కూడా అందక ముందే బాతుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ దెబ్బతిన్నాయి. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ వెనక్కి వెళ్లకుండా హడ్సన్ నదిలో దించాడు. 155 మందీ బతికారు. తర్వాత విచారణలో ఇతర పైలట్లను సిమ్యులేటర్లో కూర్చోబెట్టి వెనక్కి తిప్పించి చూశారు. పక్షులు తగిలిన మరుక్షణమే తిప్పినవాళ్లలో కొందరు రన్‌వే చేరుకున్నారు. అయితే ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి మనిషికి పట్టే సమయం కింద 35 సెకన్లు కలిపి చూస్తే విమానం చేరలేదు. ఆ 35 సెకన్లే నాకు ఆ కథలో అన్నిటికంటే విలువైనవిగా అనిపిస్తాయి. టీవీ చర్చల్లో కూర్చుని ‘వెనక్కి తిప్పాల్సింది’ అనేవాళ్లకు ఆ సెకన్లు ఉండవు.

వెనక నుంచి పిలవకూడదన్న నాయనమ్మ మాటకూ దీనికీ సంబంధం కలపడం నా ఉద్దేశం కాదు. కలిపితే ఆవిడే నవ్వుతుంది. బయల్దేరాక వెనక్కి చూడటం ప్రమాదమని ఆవిడకు ఎవరూ ఏరోడైనమిక్స్ చెప్పలేదు. ఆవిడకు తెలిసింది వేరు: తిరగాలా వద్దా అన్న ఆలోచనంతా గడప ఇవతలే అయిపోవాలి. మంచి పైలట్లు చేసేదీ అదే. రన్‌వే కొసన నిలబడి, బ్రేకులు వదలక ముందే, పైకి వినపడేట్టు తమకు తామే చెప్పుకుంటారు. చక్రాలు లేవక ముందు ఇంజన్ ఆగితే ఇలా, లేచాక ఇంత ఎత్తులోపు ఆగితే ఇలా, అది దాటితే ఇలా అని. నిర్ణయం నేల మీదే తీసుకుని, చేతికి అప్పజెప్పి వెళ్తారు. ఆకాశంలో కొత్తగా ఆలోచించేదేమీ మిగల్చకూడదు.

ఆ ఆలోచనకు కావలసిన తీరికను లాగేసుకునేది ఎవరు? చాలాసార్లు మనమే, అంటే ఎదురుచూసేవాళ్లం.

1996 ఏప్రిల్‌లో అమెరికాలో జెస్సికా డుబ్రాఫ్ అనే ఏడేళ్ల పాప పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి, అక్కడి నుంచి మళ్లీ ఇంటికి, విమానం నడిపిస్తానని బయల్దేరింది. పక్కన శిక్షకుడు, వెనక తండ్రి. కాళ్లు అందక పెడళ్లకు ఎత్తు బిగించారు. టీవీ వాళ్లు దిగిన ప్రతిచోటా ఉన్నారు. 11వ తేదీ ఉదయం చెయెన్ అనే ఊళ్లో వాన, ఉరుములు. సముద్ర మట్టానికి ఆరువేల అడుగుల పైన ఉన్న ఊరు అది. విమానంలో ఉండాల్సిన దానికంటే నలభై కిలోలకు పైగా బరువు. ఆగితే షెడ్యూలు తప్పుతుంది. లేచారు, మలుపు తిరిగారు, ఇళ్ల మధ్య పడ్డారు. ముగ్గురూ పోయారు. దర్యాప్తు నివేదిక శిక్షకుడి నిర్ణయాన్నీ, వాతావరణాన్నీ, బరువునూ, గాలి పలచదనాన్నీ చెప్పి ఆగలేదు. మీడియాకు ఇచ్చిన మాటల వల్ల కూడా బిగుసుకుపోయిన ఆ ప్రయాణ షెడ్యూలును తప్పించకూడదన్న తాపత్రయం ఇందులో పాలు పంచుకుందని రాసింది. ఒక ప్రభుత్వ నివేదిక తొందర అనే దాన్ని పట్టుకుని పేరు పెట్టి పిలవడం నేను చదివింది అక్కడే. లైసెన్సు లేని పిల్లలు రికార్డుల కోసం, ప్రచారం కోసం విమానం నడపకూడదని అదే ఏడాది చట్టం వచ్చింది.

మన సభల తొందర మనకు తెలియనిది కాదు. మైదానంలో పొద్దున్నుంచీ కూర్చోబెట్టిన జనం, తడికెల నీడన చెమటలు తుడుచుకునే స్థానిక నాయకుడు, పావుగంటకోసారి ‘అన్నా, బయల్దేరారా?’ అని ఫోన్లు. 2001లో మాధవరావ్ సింధియా కాన్పూరు సభకు వెళ్తూ విమానం కూలి పోయారు. 2002 మార్చిలో లోక్‌సభ స్పీకర్ బాలయోగి భీమవరం నుంచి తిరిగొస్తూ కైకలూరు దగ్గర చేపల చెరువులో హెలికాప్టర్ కూలి పోయారు. 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవిలో ముఖ్యమంత్రి హెలికాప్టర్ గల్లంతైన సంగతి చెప్పనక్కర్లేదు; ‘ఆచూకీ తెలియలేదు’ అనే మాట వింటే ఇవాళ్టికీ తెలుగువాళ్లకు ఆ రోజే గుర్తొస్తుంది. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఇన్ని జరిగాక కూడా ‘వాతావరణం బాగా లేదు, పైలట్ వద్దన్నాడు’ అని నాయకుడు రాకపోతే, ఆ పైలట్‌కు కిందినుంచి ఎవరైనా చప్పట్లు కొట్టారా అన్నదే నా సందేహం. కొట్టాలి. రద్దయిన సభకు కూడా ఒక దండ వేయడం నేర్చుకోవాలి మనం.

పైలట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. విమానం కూలిన సాయంత్రమే తప్పు ఎవరిదో తేల్చేయడం మనకు అలవాటైంది. చనిపోయిన పైలట్ లేచొచ్చి తన పక్షం చెప్పుకోలేడు. అందుకే అతని మీద వేసేయడం సుఖం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల్లో పదమూడో అనుబంధం దర్యాప్తు ఎందుకో ఒక్క మాటలో చెబుతుంది: మళ్లీ జరగకుండా చూడటానికి, నింద మోపడానికి కాదు. మన దేశంలో ప్రమాదాల దర్యాప్తుకు ప్రత్యేక సంస్థ 2012లో ఏర్పడింది. 2004లో జక్కూరులో పోయిన నలుగురిలో మనకు ఒక్క పేరే గుర్తుంది. మిగతా ఇళ్లలోనూ ఆ ఉదయం ఎవరో వెళ్లొస్తానని చెప్పే ఉంటారు.

చిన్న విమానం కూలినచోటికి ముందుగా చేరేది సైరన్ వేసుకొచ్చే వాహనాలు కావు. పొలాల్లో ఉన్నవాళ్లు. జక్కూరు పక్కన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నవాళ్లే పరుగెత్తారు. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ నుంచి లేచిన రెండు సీట్ల శిక్షణ విమానం నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థి యువతి చనిపోయినప్పుడు కూడా ముందు పరుగెత్తింది చుట్టుపక్కల రైతులు, కూలీలే. ఏమీ చేయలేమని తెలిసీ పరుగెత్తడం ఎలాంటిదో వాళ్లను ఎవరూ అడగరు. వార్తలో వాళ్లు ‘ప్రత్యక్ష సాక్షులు’ అయిపోతారు. తర్వాత ఆ మడిలోనే మళ్లీ దుక్కి దున్నాలి, నాటు వేయాలి.

కొన్నేళ్ల కిందట ఒక శిక్షణ ఎయిర్‌ఫీల్డ్‌కు వెళ్లాను. ముందు రాత్రి వాన పడింది. ఇరవై ఏళ్లుంటాయేమో, ఒక అమ్మాయి విమానం రెక్క కింద వంగి, చిన్న పారదర్శకమైన గ్లాసును రెక్కకున్న రంధ్రానికి నొక్కి ఇంధనం పట్టింది. చిన్న విమానాల పెట్రోలు నీలంగా ఉంటుందని అప్పుడే చూశాను, బట్టలకు పెట్టే నీలిమందు కలిపిన నీళ్లలా. గ్లాసును ఎండకెత్తి చూసింది. అడుగున పూసంత నీటి బొట్టు. నీరు బరువు కదా, కిందికి దిగుతుంది. ఇంజన్‌లోకి వెళ్తే లేచాక దగ్గొస్తుంది. పారబోసి మళ్లీ పట్టింది. ఈసారి ఆవగింజంత. పారబోసింది. ఇన్‌స్ట్రక్టర్ అప్పటికే లోపల కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. వాచీ చూసుకున్నాడు, ఏమీ అనలేదు. మూడోసారి గ్లాసు నిండా ఒకటే నీలం. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి ఇంకాసేపు చూసి, పారబోసి, గ్లాసును చున్నీ కొసతో తుడుచుకుంటూ రెండో రెక్క కిందికి నడిచింది.